వాసనొచ్చే ట్యూబు మనోళ్లది

రాయలసీమలో ఇక మీదట కాలిన గాయం అనేది మిగలబోదని ఆరోగ్యశాఖ మంత్రిగారు కడపలో ప్రకటించారు. ప్రకటన చేసిన హాల్లో ఏసీ పనిచేయకపోవడంతో ఆ మాట చెప్పేటప్పుడు వారి నుదుటి మీద చెమట ధారగా కారింది. ప్రజల బాధ తలుచుకుని కార్చిన చెమట అని మర్నాడు పేపర్లు రాశాయి.

"సముద్రం మనకు దూరమని ఇన్నాళ్లూ మనల్ని చిన్నచూపు చూశారు. సముద్రం రాకపోతే పోయింది, చేపను రప్పిస్తున్నాం. చేప రాకపోతే పోయింది, దాని నూనె రప్పిస్తున్నాం. ఆ నూనెతో చేసిన క్రీము పూస్తే కాలిన చర్మం పసిపిల్లల చర్మంలా వస్తుంది," అని మంత్రిగారు బల్ల గుద్దారు. "ఆ నూనెలో ఒమేగా త్రీ ఉంది. మరి ఒమేగా వన్, ఒమేగా టూ ఏమయ్యాయని ఇందాక ఒక విలేకరి మిత్రుడు అడిగాడు. ఆ సంగతి గత ప్రభుత్వాన్నే అడగండి."

చప్పట్లు మోగాయి. అడిగిన విలేకరి కూడా కొట్టాడు.

క్రీము నిజంగా పనిచేస్తుందో లేదో మనుషుల మీద పరీక్షించి చూసే గౌరవం చింతమాకులపల్లె మండలానికి దక్కింది. వేంపల్లె నుంచి రాయచోటి వైపు పోతుంటే గుట్టల మధ్య తగిలే ఊరు అది. అక్కడ చేపను ఈదుతూ చూసిన వాళ్లకంటే చిరుతను నడుస్తూ చూసినవాళ్లు ఎక్కువ. చేప అనేది థర్మాకోల్ పెట్టెలో ఐసు మధ్య పుట్టి పెరుగుతుందని సగం ఊరు నమ్మకం. అయితే కాలిన చేతులకు మాత్రం ఆ మండలంలో ఏనాడూ కరువు రాలేదు. జిల్లా మొత్తంలో కాలిన కేసులు అక్కడినుంచే ఎక్కువ వస్తున్నాయని ఫైల్లో ఉంది. ఎందుకు వస్తున్నాయో ఫైల్లో లేదు.

ఎందుకో ఉమామహేశ్‌కు తెలుసు.

ఉమామహేశ్ అధికార పార్టీ మండల కన్వీనరు. పన్నెండేళ్లుగా పార్టీలో ఆయన చేస్తున్న సేవ ఒక్కటే. పెద్దవాళ్లు ఎవరొచ్చినా వాళ్ల కాలు కారులోంచి దిగి నేలను తాకే క్షణానికి టపాకాయల సరం పేలాలి. ముందే పేలితే వృథా. ఆలస్యంగా పేలితే అవమానం. అంగట్లో దొరికే సరానికి ఉండే వత్తి మామూలు మనుషుల కోసం తయారైంది, నాయకుల వేగాన్ని అది అందుకోలేదు. అందుకని వత్తిని సగానికి కత్తిరించడం ఉమామహేశ్ వర్గంలో ఆచారం. అవతలి వర్గానికి శివశంకర్ నాయకుడు. వాళ్లు ప్రతిపక్షం కాబట్టి దూకుడు కాస్త ఎక్కువ చూపించాలి. వాళ్లు ముప్పావు వంతు కత్తిరిస్తారు.

పరీక్ష ప్రారంభించడానికి మంత్రిగారు ఊరి ఆసుపత్రికి వచ్చిన రోజు ఉమామహేశ్ గేటు దగ్గర సరం కొసా ఊదొత్తీ చేతుల్లో పట్టుకుని వంగి నిలబడ్డాడు. కారు ఆగింది. మంత్రిగారు కాలు బయట పెట్టబోయి, ఫోను రావడంతో మళ్లీ లోపలికి తీసుకున్నారు. ఉమామహేశ్ ఊదొత్తి వెనక్కి తీశాడు. కాలు బయటికొచ్చింది. ఊదొత్తి ముందుకెళ్లింది. కాలు లోపలికి పోయింది. మూడోసారి కాలూ ఊదొత్తీ ఒకేసారి దిగాయి. సగం వత్తి మిగిలిన సరం ఆయన కుడి అరచేతిలోనే మొదలైంది.

అదే సమయానికి రోడ్డుకు అవతల శివశంకర్ వర్గం నల్లజెండాలతో నిరసన తెలుపుతోంది. అధికార పక్షం పదివేల సరం పేల్చినప్పుడు నిరసన మాత్రం చప్పుడు లేకుండా ఎలా ఉంటుంది? వాళ్లు ఇరవైవేల సరం తెచ్చుకున్నారు. గంటలోపల ఆసుపత్రి వరండాలో రెండు వర్గాలవాళ్లూ, మధ్యలో చిక్కినవాళ్లూ కలిసి నలభై మంది చేతులు ఊదుకుంటూ వరసలో కూర్చున్నారు. నలభై మంది కాలిన రోగులు దొరకడానికి ఆరు నెలలు పడుతుందని లెక్కేసుకున్న డాక్టర్ తనూజ, పరీక్ష నడపాల్సింది ఆమే కాబట్టి, ఆ వరండాలోనే రిజిస్టరు తెరిచింది.

మంత్రిగారు ఉమామహేశ్ చేతిని ఫొటోగ్రాఫర్ల వైపు తిప్పి పట్టుకున్నారు.

"చూశారా అంకితభావం! మనం మందు తెస్తే, మన కార్యకర్త గాయం తెచ్చాడు. ఏం పేరయ్యా నీది?"

"ఉమామహేశ్ సార్. పన్నెండేండ్లాయ సార్ పార్టీలో. అబ్బా, సార్, రోంత మెల్లగా పట్టుకోండి సార్."

"రాయలసీమ మత్స్యతైల మండలి అని ఒకటి పెడుతున్నాం. ఈ చెయ్యి మానిన రోజు, ఈ చేతితోనే చైర్మన్‌గా నువ్వు తొలి సంతకం పెడతావు!"

ఉమామహేశ్‌కు మంట ఆగిపోయింది. ఒమేగా త్రీ ఇంకా పూయలేదు, కేవలం మంత్రిగారి మాటకే సగం గాయం మానిందని ఆయన అక్కడే విలేకర్లకు చెప్పాడు. ఆ సాయంత్రమే రాయచోటిలో పెయింటరుకు ఫోన్ చేసి బోర్డు ఆర్డరిచ్చాడు. 'చైర్మన్' అన్న మాట బారెడు అక్షరాల్లో ఉండాలి. కింద పేరు జానెడు చాలు. పదవిని చూసి జనం దగ్గరికి వస్తారు, దగ్గరికి వచ్చాక పేరు చదువుకుంటారు.

చైర్మన్ అంటే సంతకం. సంతకమంటే కుడిచెయ్యి. పన్నెండేళ్ల రాజకీయం ఇప్పుడు ఒక అరచేతి చర్మం మీద ఆధారపడింది.

మర్నాడు డాక్టర్ తనూజ అందరినీ కూర్చోబెట్టి పరీక్ష ఎలా జరుగుతుందో చెప్పింది. నలభై మందినీ రెండు గ్రూపులు చేస్తారు. ఒక గ్రూపుకు చేపనూనె ఉన్న క్రీము, ఇంకో గ్రూపుకు చూడటానికి అలాగే ఉండి నూనె లేని క్రీము. ట్యూబుల మీద 'ఏ' అనీ 'బీ' అనీ మాత్రం ఉంటుంది. రెండు గ్రూపులవాళ్లూ రోజూ ఆసుపత్రికి వచ్చి గాయం కడిగించుకుని కట్టు కట్టించుకోవాలి. ఎవరికి ఏ ట్యూబు అన్నది చీటీలు తీసి తేలుస్తారు.

ఉమామహేశ్ ఎడమచేత్తో జేబులోంచి మడత కాగితం తీశాడు.

"చీటీలెందుకు మేడమ్, మీకు శ్రమ? ఈ మండలంలో మా తాతల కాలం నుంచే రెండు గ్రూపులు ఉండాయి. సర్కారు కొత్తగా చీల్చే పనే లేదు. ఇదో లిస్టు. బూతు వారీగా రాసుకొచ్చినా."

"ఇది ఆ గ్రూపు కాదండీ. ఎవరికి ఏది వెళ్లిందో ఎవరికీ తెలియకూడదు."

"ఎవురికీ అంటే?"

"రోగికి తెలియకూడదు."

"సరే."

"నాకూ తెలియదు."

ఉమామహేశ్ ఆమెను జాలిగా చూశాడు. "మీ పైనోళ్లకు?"

"వాళ్లకూ తెలియదు. ఏ ట్యూబులో నూనె ఉందో సీలేసిన కవర్లో ఉంది. నెల తర్వాత సభలో తెరుస్తాం."

సర్కారు ఆఫీసుల్లో తెలియకుండా పనిచేసేవాళ్లు ఉమామహేశ్‌కు కొత్త కాదు. తెలియకూడదని ముందే కాగితం మీద రాసుకుని మరీ పనిచేసేవాళ్లను మాత్రం ఆయన చూడటం అదే మొదటిసారి.

"మేడమ్, ఈ మండలంలో నాకు తెలీకుండా కుక్క కూడా ఈనదు."

"కుక్క సంగతి నాకు తెలియదండీ."

"పోనీ ఇది చెప్పండి. నూనె లేని ట్యూబు అసలెందుకు చేసినారు?"

"పోల్చి చూడటానికి."

"అవతలోళ్లకు ఇయ్యడానికి అని చెప్పండి మేడమ్, నాకాడ దాపరికమెందుకు. సర్కారు శానా తెలివిగా ఆలోచించినాది."

తనూజ చీటీలే తీయించింది. కాంపౌండరు జమాల్ బాషా సెలైన్ అట్టపెట్టెలో చెయ్యి పెట్టి ఒక్కో చీటీ తీసి చదివాడు. ఉమామహేశ్‌కు 'ఏ' వచ్చింది. ఆసుపత్రి గేటు పక్కన బోండాలు వేసే నాగక్కకు 'బీ' వచ్చింది. నాగక్క ఉమామహేశ్‌కు సొంత మేనత్త. ఆమె ఏ వర్గమూ కాదు. టపాకాయల చప్పుడుకు ఉలిక్కిపడితే బాణలి తొణికి మోచేతి దాకా కాలింది, అంతే. రెండు వర్గాల్లోనూ కొందరికి 'ఏ', కొందరికి 'బీ' వచ్చాయి. ఇంత అన్యాయమైన పంపకం మండల చరిత్రలో జరగలేదని ఉమామహేశ్ బాధపడ్డాడు.

ఇంటికి పోయి ట్యూబు మూత తీయగానే ఆయన బాధ తీరిపోయింది. చేపల మార్కెట్టు మొత్తం లేచి నడింట్లోకి వచ్చినట్టయింది. పరుగున ఆసుపత్రికి వచ్చి జమాల్ బాషా దగ్గర 'బీ' ట్యూబు అడిగి మూత తీశాడు. ఏ వాసనా లేదు.

"దొరికినాది చూడప్పా జమాలూ! 'ఏ' ట్యూబే అసలుది. కవరంట, సీలంట! ముక్కు కాడ దాస్తారా?"

జమాల్ బాషా గాజుగుడ్డ మడత పెడుతూనే అన్నాడు. "మా తాత అత్తరు అమ్మేటోడన్నా. సీసా మూత తీయకముందే వాసనొస్తాండాదంటే లోపల సరుకు తక్కువని చెప్పేటోడు."

"గమ్మునుండప్పా. చేపనూనెలో చేప వాసన రాక గులాబీ వాసనొస్తాదా?"

ఇక మిగిలింది తన మనుషుల దగ్గరున్న 'బీ'లను వదిలించుకుని అవతలివాళ్ల 'ఏ'లను రాబట్టడం. మంగళవారం సంతలో శివశంకర్ ఎదురుపడ్డాడు. ఆయనకూ రెండు వేళ్లకు కట్టు ఉంది.

"ఏమప్పా శివా, మీవోళ్లల్లో సగం మంది చేతులు కంపు కొడతాండాయంట?"

"కొట్టక? మీ గవుర్మెంటు మందాయె."

"మా కాడ వాసన లేనియి ఉండాయి. మార్చుకుందామా? పార్టీలు పక్కన పెట్టి, మనిషిగా అడుగుతాండా."

శివశంకర్ ఆయన ముఖంలోకి చూసి, "నువ్వింత ప్రేమగా అడిగితే కాదంటానా," అన్నాడు. అరగంటలో టమాటా గంపల పక్కన ట్యూబులు చేతులు మారాయి. తర్వాత శివశంకర్ తన మనుషులతో అన్నాడట: "వాసనొచ్చేదే మందని మహేశు నమ్మినాడంటే అది మందు కాదు. పన్నెండేండ్లుగా చూస్తాండా, ఆయప్ప నమ్మింది ఒగటన్నా నిజమాయనా?" అంతటితో ఊరుకోకుండా ఇంకో మాట కూడా చెప్పాడట. "సర్కారోళ్లు లోపల ఏం మోసం చేస్తాండారో, మీరు రోజూ ఆస్పత్రికి పోయి కళ్లారా చూసి రాండి."

అలా అవతలి వర్గం మొత్తం మోసం కనిపెట్టడానికి రోజూ ఆసుపత్రికి పోయింది. పోయినవాళ్లను తనూజ కూర్చోబెట్టి గాయం కడిగి కొత్త కట్టు కట్టింది. తన మనుషులు ఎండలో నడిచి ఆసుపత్రికి పోవడం ఉమామహేశ్‌కు నచ్చలేదు. ఆయన 'గడపకే క్రీము' అనే పథకం పెట్టి, స్వయంగా ఇంటింటికీ తిరిగి ఎడమచేత్తో పూశాడు. కడగడం ఎందుకని ఆయన ప్రశ్న. కడిగితే మందు పోదూ?

ట్యూబులు మారుతున్నాయని తెలిసి తనూజ పైవాళ్లకు మూడు ఉత్తరాలు రాసింది. పరీక్షలో ప్రజల భాగస్వామ్యం ఇంత బాగుండటం రాష్ట్రంలో ఇదే మొదటిసారని మంత్రిగారు మెచ్చుకున్నట్టు మూడింటికీ కలిపి ఒక జవాబు వచ్చింది.

మార్పిడికి ఒప్పుకోనిది ఒక్క నాగక్క.

"అత్తా, ఆ బీ ట్యూబు ఇట్లియ్యి. ఇదో, మనోళ్లది తీసుకో."

"ఏందిరా మయేసా ఈ కంపు! పొద్దన్నే బోండాల కాడ చచ్చిన చేప కంపొస్తే ఎవుడు తింటాడ్రా? నేనియ్యను పో."

"అది ఉత్తదత్తా. దాంట్లో మందు లేదు."

"లేకపోతే పాయె. కంపన్నా లేదు కదా."

"మా మేనత్తవయ్యుండి నువ్వే అవతలి ట్యూబు పూసుకుంటే జనం నన్నేమనుకుంటారు?"

"జనం బోండాలో ఉప్పు సరిపోయిందా లేదా అనుకుంటారు. నువ్వు రోంత పక్కకు జరుగు, గిరాకీకి అడ్డం."

ఆమె కూడా రోజూ మధ్యాహ్నం కొట్టు కట్టేసి పక్కనే ఉన్న ఆసుపత్రికి పోయి కడిగించుకుని వచ్చేది. గేటు పక్కనే కాబట్టి నడక ఖర్చు కూడా లేదనేది.

మొదటి పిల్లి నాలుగో రోజు వచ్చింది.

ఉమామహేశ్ పార్టీ ఆఫీసుకు పోతుంటే వెనకాలే నడిచింది. ఆయన ఆగితే ఆగింది. ఆయన మీటింగులో కూర్చుంటే కుర్చీ కింద కూర్చుంది. వారం తిరిగేసరికి మూడయ్యాయి. చింతమాకులపల్లెలో ఇన్ని పిల్లులున్నాయని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. గుట్టల అవతలి పల్లెల నుంచి కూడా వస్తున్నాయని గొర్రెలకాపరులు చెప్పారు. వర్గం మొత్తంలో ప్రతి మనిషి వెనకా ఒకటో రెండో నడిచేవి. అవతలి వర్గం వెనక ఒక్కటి కూడా నడవలేదు.

దాంతో మండల పరిపాలన సులువైంది. తహసీల్దారు ఆఫీసులో ఎవరు మనోడో ఎవరు కాదో అడగాల్సిన పని లేకపోయింది. బంట్రోతు మనిషి ముఖం చూడటం మానేసి, వాడి కాళ్ల వెనక చూసి లోపలికి పంపేవాడు. కాలని చేతులవాళ్లు కూడా తెలిసినవాళ్ల దగ్గర రవ్వంత క్రీము అడిగి చెవి వెనక రాసుకుని ఆఫీసులకు పోసాగారు. ఒకాయన పట్టాదారు పుస్తకం కోసం పక్కింటి పిల్లిని సంచిలో పెట్టుకుని పోయి, గుమ్మం ముందు వదిలాడు. పని అయింది.

ఉమామహేశ్ వెనక పదకొండు పిల్లులు నడిచేవి. సబ్‌ఇన్‌స్పెక్టరు జీపు ఆపి దారిచ్చాడు. 'మూగజీవాలు సైతం మెచ్చిన నాయకుడు' అని బస్టాండులో ఫ్లెక్సీ లేచింది. అందులో మంత్రిగారి ఫొటో పైన, ఉమామహేశ్ ఫొటో మధ్యలో, కింద వరసగా పదకొండు గుండ్రాల్లో పదకొండు పిల్లులు, పేర్లతో సహా.

ఇంత బాగున్నా ఒక్క చిన్న లోపం ఉండింది. చెయ్యి మానలేదు.

వచ్చిన ప్రతివాడికీ కట్టు విప్పి చూపించాల్సి వచ్చేది. చైర్మన్ కాబోయే చెయ్యి కదా, చూడకుండా ఎవరు పోతారు? చూసినవాళ్లు వాసన కూడా చూసేవాళ్లు. ఆయన కునుకు తీసినప్పుడు పిల్లులు నాకేవి. మూడో వారానికి అరచెయ్యి బూరెలా ఉబ్బి, వేళ్లు మడత పడటం మానేశాయి. సంతకం ప్రాక్టీసు చేద్దామని పెన్ను పట్టుకుంటే పెన్ను కింద పడింది. ఎడమచేత్తో రాస్తే తేలు పాకినట్టు వచ్చింది.

తనూజ ఆయన్ని ఆసుపత్రి గేటు దగ్గర ఆపింది.

"చెయ్యి చూపించండి. చీము పట్టిందండీ! ఈ పరీక్షలోంచి ఎవరైనా ఎప్పుడైనా బయటికి రావచ్చు. మీరు వచ్చేయండి. కడిగి మామూలు మందు వేస్తాను, పది రోజుల్లో దారికొస్తుంది."

"బయటికి రమ్మంటాండారా? 'ఏ'లోంచి?" ఉమామహేశ్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మేడమ్, ఈ మాట నాకు చెప్పినారు కాబట్టి సరిపాయె. ఇంకెవురికీ చెప్పొద్దండి. పార్టీ ఫిరాయించే వంశం కాదు మాది."

పక్కనే నాగక్క జల్లిగంటెతో బోండాలు దేవుతోంది. ఆ చేతి మీద మచ్చ తప్ప ఏమీ మిగల్లేదు. ఉమామహేశ్ చూపు ఆ చేతి మీద పడి అక్కడే ఆగిపోయింది. నాగక్క చూసింది. జల్లిగంటె పక్కన పెట్టి, కాచి చల్లార్చిన నీళ్ల చెంబు తీసుకుని, ఆయన మణికట్టు పట్టుకుని బలవంతంగా బెంచీ మీద కూర్చోబెట్టింది.

"చైర్మనంట, చైర్మను. ముందు చెయ్యంటూ ఉంటే కదరా! చిన్నప్పుడు నా కొంగు పట్టుకుని తిరిగిన చెయ్యిరా ఇది. ఎట్ల చేసుకున్నావో చూడు."

నీళ్లు పడగానే ఉమామహేశ్‌కు ప్రాణం లేచొచ్చింది. మూడు వారాల్లో ఆ చేతికి హాయి అనేది తెలిసింది అప్పుడే. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అత్తా," అన్నాడు మెల్లగా, "ఒగవేళ నీదే అసలుదయితే..."

మాట పూర్తి కాకముందే ఇద్దరు కార్యకర్తలు అటు రావడం కనిపించింది. వాళ్ల వెనక నాలుగు పిల్లులు. ఉమామహేశ్ చెయ్యి లాక్కుని, తడి కనపడకుండా తువ్వాలు చుట్టుకుని, జేబులోంచి ట్యూబు తీసి వాళ్ల ముందే మందంగా పూసుకున్నాడు.

సభ రోజు వచ్చింది. కవరు ఇంకా తెరవలేదు గానీ, వేదిక మీద "'ఏ' ట్యూబు విజయోత్సవ సభ" అని బ్యానరు కట్టేశారు. రాయచోటి నుంచి చైర్మన్ బోర్డు కూడా వచ్చి, గుడ్డ కప్పుకుని ఒక మూల నిలబడింది. ఉమామహేశ్ తెల్ల చొక్కా వేసుకుని, చేతిని శాలువా కింద దాచుకుని, మంత్రిగారి పక్క కుర్చీలో కూర్చున్నాడు. పిల్లుల్ని పోలీసులు ప్రత్యేక గ్యాలరీలో కూర్చోబెట్టారు.

మంత్రిగారు మైకు అందుకున్నారు. "చరిత్రలో నిలిచిపోయే రోజిది! క్రీముతో గాయం మానినవాళ్లంతా చేతులెత్తండి!"

ముందు వరసల్లో ఉన్న ఉమామహేశ్ వర్గం తువ్వాళ్ల కింద చేతులు పెట్టుకుని మంత్రిగారి వంక భక్తిగా చూస్తూ ఉండిపోయింది. వెనక వరసల్లో శివశంకర్ వర్గం మొత్తం చేతులెత్తింది. గేటు దగ్గర నాగక్క జల్లిగంటెతో సహా ఎత్తింది.

ముందువాళ్లు సిగ్గరులని మంత్రిగారు చమత్కరించి, కవరు తెరవమన్నారు. తనూజ సీలు చించి ఉన్నదున్నట్టు చదివింది.

"'ఏ' ట్యూబులో చేపనూనె లేదు. ఉత్త జెల్లీ. వాసనను బట్టి రోగులు కనిపెట్టకూడదని తయారీవాళ్లు అందులో చేప వాసన కలిపారు. బీ ట్యూబులో చేపనూనె ఉంది. దాని వాసన తీసేశారు."

గ్యాలరీలో ఒక పిల్లి మ్యావుమంది.

"అయితే సార్, ఈ ఫలితం చెల్లదు," అని తనూజ కొనసాగించింది. "ట్యూబులు చేతులు మారాయి. బీ పూసుకున్నవాళ్లు రోజూ వచ్చి గాయం కడిగించుకున్నారు, 'ఏ' వాళ్లు రాలేదు. మానింది నూనెతోనో నీళ్లతోనో మనకు తెలియదు."

"చెల్లకపోవడం ఏంటమ్మా?" మంత్రిగారు చిరునవ్వుతో అన్నారు. "చెల్లనివి చెల్లించుకోవడమే కదా పరిపాలన." తర్వాత పీఏ భూపేష్ చెవిలో ఏదో చెప్పి, మైకులో పది నిమిషాలు టీ విరామం ప్రకటించారు. భూపేష్ వేదిక దిగి నేరుగా వెనక వరసలకు పోయాడు.

టీ గ్లాసులు ఖాళీ అయ్యేసరికి శివశంకర్ వేదిక మీద ఉన్నాడు. మెడలో అధికార పార్టీ కండువా ఉంది. ఆయన వెనక మానిన చేతులన్నీ మెట్ల మీద వరసగా నిలబడ్డాయి, ఒక్కో మెడలో ఒక్కో కండువాతో.

"ఇప్పుడు చెప్పండి," అన్నారు మంత్రిగారు. "మానిన చేతులు ఎవరివి?"

"మనవి!" అంది సభ.

ఆ ఊపులోనే మూడు నిర్ణయాలు వెలువడ్డాయి. రాష్ట్రమంతా 'ఏ' ట్యూబు ఉచితంగా పంచుతారు, ఎందుకంటే వాసనే లేకపోతే ప్రభుత్వం ఇచ్చిందని జనానికి ఎలా తెలుస్తుంది? చేపల మీద డాక్టర్ తనూజకున్న ఆసక్తిని గుర్తించి ఆమెను సముద్రం ఒడ్డున్న ఊరికి బదిలీ చేస్తారు. మత్స్యతైల మండలి తొలి చైర్మన్‌గా, గాయం మాన్పుకోవడంలో అనుభవమున్న శివశంకర్ అప్పటికప్పుడే సంతకం పెడతారు.

శివశంకర్ సంతకం పెట్టాడు. చాలా అందంగా వచ్చింది. మూలనున్న బోర్డు మీది గుడ్డ తీశారు. పేరు చిన్న అక్షరాల్లో ఉండటం వల్ల దాని మీద కాగితం అంటించి మార్చడం రెండు నిమిషాల పనయింది.

ఉమామహేశ్ లేచి నిలబడ్డాడు. "సార్... నేను... ఈ చెయ్యి..."

మంత్రిగారు ఒక చేత్తో ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, రెండో చేతిని ఆయన భుజం మీద వేశారు. "నువ్వు నిప్పువయ్యా ఉమామహేశ్! నిప్పుకు కుర్చీ ఎందుకు? చైర్మన్ గారి ఊరేగింపు నీ చేతుల మీదుగా మొదలవ్వాలి. ఆ పని ఇంకెవరి వల్లా కాదు."

ఉమామహేశ్‌కు కళ్లు చెమర్చాయి. పన్నెండేళ్లలో మంత్రిగారు పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. భూపేష్ వెలిగించిన ఊదొత్తి అందించాడు. కుడిచేతి వేళ్లు మడత పడలేదు. ఎడమచేత్తో అందుకున్నాడు.

గేటు బయట సరం పరిచి ఉంది, పాముచుట్టలా, బస్టాండు దాకా. ఉమామహేశ్ దాని పక్కన వంగి కూర్చున్నాడు. పదకొండు పిల్లులూ గ్యాలరీ దూకి వచ్చి చుట్టూ చేరాయి. పూలదండల బరువుతో శివశంకర్ ఓపెన్ టాప్ జీపు ఎక్కాడు. ఆయన వెనకే ఎక్కడానికి మంత్రిగారు ఫుట్‌బోర్డు దగ్గర ఆగి కండువా సర్దుకున్నారు.

"రేయ్ మయేసా!" బాణలి దగ్గర నుంచి నాగక్క అరిచింది. "ఆ వత్తి చూసుకోరా!"

ఆయన వినలేదు. ఆయన చూపు మంత్రిగారి కాలు మీద ఉంది. కాలు లేచింది. ఉమామహేశ్ ఎడమచెయ్యి ముందుకు కదిలింది.

ఆ సరాన్ని తెచ్చి, పరిచి, వత్తిని తమ లెక్క ప్రకారం కత్తిరించింది కొత్త చైర్మన్ గారి మనుషులు.